కొండ కింద వేసవి: మల్లితో తిరుపతి, చిత్తూరు

తిరుపతికి చిన్నప్పటి నుంచీ వెళ్తూనే ఉన్నాం. రైలు దిగడం, కొండెక్కడం, దర్శనం, లడ్డూలు, మళ్లీ రైలు. ఊరు ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఈ వేసవిలో మా వదిన వాళ్లు కోడలి పురిటికి అమెరికా వెళ్తూ, ఇల్లు తాళం పెట్టి పోవడం ఇష్టం లేక మమ్మల్ని వచ్చి ఉండమన్నారు. మా మల్లిని విశాఖలో ఎవరి దగ్గరా వదల్లేం కాబట్టి దాన్నీ కారెక్కించాం. మల్లి జాతి కుక్కేం కాదు. భీమిలి రోడ్డులో దొరికిన నాటు కుక్క. గోధుమ రంగు, ఒక చెవి నిక్కి ఉంటుంది, ఇంకోటి వాలి ఉంటుంది.

కొండ మీదకి పెంపుడు జంతువుల్ని రానివ్వరు, అలిపిరి తనిఖీ దగ్గరే ఆపేస్తారు. అందుకని ఈసారి మా కాపురమంతా కొండ కింద వీధుల్లోనే. ఏటా వచ్చి పోయే ఈ ఊళ్లో మాకు మనుషులు తెలిసింది మాత్రం మల్లి వల్లే.

తిరుపతి బైరాగిపట్టెడ, ఏప్రిల్ చివరి వారం

ముందు ఎండ గురించి చెప్పాలి. విశాఖలో ఎంత ఉక్కపోసినా సాయంత్రానికి సముద్రం గాలి తగులుతుంది. ఇక్కడ కొండరాయి పగలంతా కాగి, రాత్రి పదింటికి కూడా సెగ వదులుతూనే ఉంటుంది. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దానికున్న ముఖ్యమైన దారి. అందుకని మా రోజంతా దాన్ని బట్టే నడిచింది. నాలుగున్నరకి లేచి, ఎండ పొడ రాకముందే తిరిగి ఇల్లు చేరేవాళ్లం. సాయంత్రం ఏడు దాటాక మా అమ్మాయి గేటు దగ్గర కూర్చుని చెయ్యి వెనక వైపు రోడ్డుకి ఆనించేది. ఏడు లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగితే బయటికి, లేకపోతే ఇంకో అరగంట ఆగడమే.

తెల్లవారుజామున ఊరు చాలా బాగుంటుంది. వాకిళ్లు కడిగి ముగ్గులు పెడుతుంటారు, ఎవరింట్లోంచో సుప్రభాతం వినిపిస్తుంటుంది, గుండుకి గంధం పూసుకున్న యాత్రికులు బస్టాండు వైపు నడుస్తుంటారు. వీధి మలుపులో ఒకావిడ అప్పుడే ఇడ్లీ పాత్ర మూత తీస్తుంది. నాలుగిడ్లీ ముప్పై రూపాయలు, పైన చెనిక్కాయల చట్నీ. కోస్తాలో పల్లీ చట్నీ చేసినా ఇంత ఘాటు పెట్టం. నాకు మొదటి రోజు కళ్లలో నీళ్లు తిరిగాయి, రెండో రోజు నుంచి అది లేకపోతే తోచలేదు.

ఆవిడే మమ్మల్ని మొదట పలకరించింది.

"ఏమ్మా, ఇది వీధికుక్కే కదా? బెల్టు కట్టి తిప్పతా ఉండారే?"

"అవునక్కా, నాటుదే."

"అయితే మంచిదేలే. ఈ ఎండకి నాటుదే తట్టుకుంటాది." అని చట్నీ తగలని ఇడ్లీ ఒకటి చల్లార్చి ఆకు మీద పెట్టింది. ఎంత బతిమాలినా దానికి డబ్బులు తీసుకోలేదు.

నాకు అసలు టెన్షన్ వీధిలో కుక్కల గురించి. పెద్దవి నాలుగు, సగం పెరిగిన పిల్లలు కొన్ని. చెవి చివర చిన్న గాటు ఉంటే దానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినట్టు గుర్తు. ఆ పెద్దవాటిలో మూడింటికి గాటు ఉంది, అంతవరకు కొంచెం ధైర్యం. మల్లికి రేబిస్ టీకా బయల్దేరే ముందే వేయించాం. అయినా మొదటి రోజు నాలుగూ చుట్టుముట్టేసరికి నా కాళ్లు వణికాయి. టీ కొట్టు అన్న కొట్లోంచే కేకేశాడు. "పరిగెత్తొద్దు మ్మా, నిలబడుకో. కొత్తగా కాపురానికొచ్చిన కోడల్ని చూసినట్టు చూస్తాయి, మూడు దినాలు. ఆ పైన వాటి పాటికి అవి పోతాయి." నిజంగానే వారం తిరిగేసరికి ఆ నాలుగూ మల్లి వెనకాలే మలుపు దాకా వచ్చి ఆగిపోయేవి. మలుపు దాటితే వేరే గుంపు ఇలాకా, అక్కడ మళ్లీ మొదటి నుంచీ పరిచయాలు.

అలిపిరి, మే మొదట్లో

పై వాటాలో ఉండే అక్క వాళ్లాయన యూనివర్సిటీలో పనిచేస్తాడు. పొద్దుపోయాక కొండ అంచు వైపు కుక్కని తీసుకెళ్లొద్దని ఆయన మరీ మరీ చెప్పాడు. ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలో చిరుత కనబడటం వాళ్లకి కొత్త కాదట. చిరుతకి సులువుగా దొరికే తిండి కుక్కే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాతే చిన్నపిల్లలతో మధ్యాహ్నం దాటాక మెట్లెక్కడం మీద ఆంక్షలు పెట్టారు. ఆ తల్లిదండ్రుల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు వికలమవుతుంది. ఆయన మాట విన్నాక మా సాయంత్రపు నడక పూర్తిగా ఊరి లోపలికే మళ్లింది.

కొండకి వంతులు వేసుకున్నాం. ఒక రోజు నేనూ అమ్మాయీ, ఇంకో రోజు మావారు. మొత్తం 3550 మెట్లు. గాలిగోపురం దాకా నిట్టనిలువు, అక్కడి నుంచి చాలాదూరం చదును, చివర్లో మోకాళ్ల పర్వతం. దర్శనం బాగా జరిగింది.

తెచ్చిన లడ్డూ వీధిలో పంచుతుంటే ఎదురింటి అవ్వ మల్లికీ పెట్టమంది. లడ్డూలో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష ఏ రూపంలో ఉన్నా కుక్కలకి మంచిది కాదు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆ మాట చెబితే అవ్వ నొచ్చుకుంటుందేమో అని నసిగాను. అవ్వకి కోపం రాలేదు. అరుగు మీద చతికిలబడి, కళ్లజోడు పెట్టుకుని, అర లడ్డూ కొంగులో విడదీసింది. ద్రాక్షలు ఏరి తను నోట్లో వేసుకుంది, యాలకుల తొక్కలు పక్కన పెట్టింది, జీడిపప్పు మా అమ్మాయికిచ్చింది. మిగిలిన బూందీలో చిటికెడు తీసి మల్లి నాలుక మీద పెట్టి, "కొండకి పోలేకపోతే యేమి, సామి ప్రసాదం కిందికొచ్చింది" అంది. ఆ రోజు నుంచి మల్లి ఉదయం గేటు దాటగానే ముందు ఆ అరుగు దగ్గరికే లాగేది.

గంగమ్మ జాతర

నేను తిరుపతి ఎందుకు ఇంతకాలం చూడలేదా అనిపించింది ఈ వారంలోనే. జాతర మొదలయ్యే ముందు రాత్రి చాటింపు వేస్తారు. చాటింపు పడ్డాక ఊళ్లోవాళ్లు జాతర ముగిసేదాకా పొలిమేర దాటి వేరేచోట ఉండకూడదని ఆనవాయితీ. పైవాటా అక్క ముందే చెప్పింది. "యాడికైనా పొయ్యేదుంటే ముందే పోయి రాండి. చాటింపు పడినాక మీరూ మా ఊరోళ్లే." చిత్తూరు ప్రయాణం వాయిదా వేశాం.

గంగమ్మ పుట్టిల్లు ఊరి పక్కనే ఉన్న అవిలాల. పసుపు కుంకుమల సారె అక్కడి నుంచి వస్తుంది. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాణ్ని వెతుకుతూ అమ్మవారు రోజుకో వేషం కట్టిందని కథ. అందుకే జనమూ రోజుకో వేషం కడతారు. బుధవారం బైరాగి వేషం, ఒంటి నిండా తెల్ల నామం సుద్ద. గురువారం బండ వేషం, కుంకుమ ఎరుపు. శుక్రవారం తోటి వేషం, బొగ్గు నలుపు. మొక్కున్న మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని వస్తారు. బ్యాంకు ఉద్యోగులూ ఆటో డ్రైవర్లూ కూడా. ఎవరూ వింతగా చూడరు, నవ్వరు.

డప్పులకి మల్లి బెదిరిపోతుందని వెనక గదిలో కూలర్ పెట్టి, కిటికీలకి దుప్పట్లు కట్టాం. మొదటి రాత్రి అది మంచం కింద దూరి వణుకుతూనే ఉంది. అమ్మాయి నేల మీద పడుకుని దాని వీపు నిమురుతూ తెల్లార్లూ మేలుకుంది. పొద్దున గేటు తెరిస్తే ఆరేళ్ల పిల్లాడు నిలబడి ఉన్నాడు. తల నుంచి కాలి దాకా తెలుపు, చేతిలో వేపరెమ్మ. మల్లి ఒక్కడుగు వెనక్కి వేసింది. తర్వాత మెడ చాచి వాడి మోకాలు వాసన చూసి, సుద్దని ఒక్కసారి నాకింది. నాకిన చోట చామనఛాయ చర్మం గుండ్రంగా బయటపడింది. వాళ్లమ్మ కోప్పడుతుందనుకుంటే ఆవిడ పకపకా నవ్వి, సుద్ద గిన్నె తెచ్చి ఆ చోట మళ్లీ పూసింది. పిల్లాడు తన వేపరెమ్మ విరిచి మల్లి పట్టీకి దోపాడు.

బండ వేషం రోజు వేషగాళ్లు ఎదురొచ్చినవాళ్లని బూతులు తిడతారు. తిట్టు పడితే మంచిదని నమ్మకం, చేతులు కట్టుకుని మరీ తిట్టించుకుంటారు. ఎర్రటి వేషంలో ఒకాయన కర్ర ఊపుకుంటూ వచ్చి మావారికి ఇవ్వాల్సింది ఇచ్చి, మల్లి వైపు తిరిగి దాని పేరేమిటని అడిగి, పేరు పెట్టి మరీ తిట్టిపోశాడు. వీధంతా గోల. "పడినాది, ఇంక దీనికి జబ్బుండదు" అంది పైవాటా అక్క. అంబలి కాచినప్పుడు ఎదురింటి అవ్వ ఉల్లిపాయ ముక్కలు వేయకముందే ఒక గిన్నె పక్కకి తీసి పంపింది. ఉల్లి కూడా కుక్కకి పడదని ఒక్కసారి చెప్పానంతే, గుర్తుపెట్టుకుంది.

చివరి తెల్లవారుజామున గుడి ముందు అమ్మవారి మట్టి విశ్వరూపానికి చెంప నరికాక, ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. ఆ తోపులాటలోకి మేం వెళ్లలేదు. టీ కొట్టు అన్న చిటికెడు మట్టి కాగితంలో పొట్లం కట్టి తెచ్చిచ్చాడు.

పశువుల ఆసుపత్రి, మే మూడో వారం

జాతర అయిన కొద్ది రోజులకే మల్లి తిండి మానేసింది. ఇడ్లీ ముందు కూడా తల తిప్పుకుంది. వాలి ఉండే చెవి ఎత్తి చూస్తే లోపలి మడతలో గోమార్లు (పిడుదులు). బూడిద రంగులో, రక్తం తాగి ఉబ్బి ఉన్నాయి. కాలివేళ్ల సందుల్లో ఇంకొన్ని. చిగుళ్లు పాలిపోయాయి. నాకు ఏడుపొచ్చేసింది. జబ్బుండదని దీవించిన అక్కే ఆటో పిలిచి మాతో పాటు ఎక్కింది. కుక్క ఉందని ఆటో అతను యాభై ఎక్కువ అడిగితే, "జబ్బు చేసిన బిడ్డకి ఎక్కువడుగుతావా?" అని అక్క ఒక్కటే మాట అంది. మామూలు చార్జీకే తీసుకెళ్లాడు.

తిరుపతిలో పశువైద్య కళాశాల 1955లో వచ్చింది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దానికి కేంద్రమూ ఈ ఊరే అయింది. కళాశాల ఆసుపత్రి వరండాలో మా ముందు కాలు విరిగిన మేక, బుట్టలో కోడిపుంజు, ఇద్దరు పట్టుకున్నా ఆగని లాబ్రడార్. పక్కన తాడు పట్టుకుని ఒక రైతు, ఆయన కాళ్ల దగ్గర తెల్లటి ఆవు. దూడేమో అనుకున్నాను. "దూడ కాదమ్మా, రెండు ఈతలైంది. పుంగనూరు ఆవు" అన్నాడు. పెద్దదైనా ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లే. ఉమ్మడి చిత్తూరు జిల్లా పుంగనూరు సీమ జాతి, దాదాపు కనుమరుగయ్యే స్థితికి వచ్చింది. పలమనేరు పరిశోధన కేంద్రంలో దాన్ని కాపాడుకొచ్చారు. "ఇప్పుడు డబ్బున్నోళ్లు హాల్లో ముద్దుకి పెంచుకుంటా ఉండారు. మాకు పాలకే" అన్నాడాయన. ఆ ఆవు వంగి మల్లి నొసలు వాసన చూసింది. జ్వరంలో ఉన్న మల్లి తల కూడా ఎత్తలేదు.

జ్వరం 104 దాటింది. కుక్కకి 101, 102 మామూలే, 104 మామూలు కాదు. రక్తం తీసి చూసి టిక్ ఫీవర్ అన్నారు. గోమారి కుట్టినప్పుడు ఎర్లీకియా అనే సూక్ష్మజీవి రక్తంలోకి చేరి ప్లేట్‌లెట్లని తగ్గించేస్తుంది. నెల రోజులకి డాక్సీసైక్లిన్ రాశారు. డాక్టరమ్మ చెప్పిన ఇంకో సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఈ గోమార్లు గుడ్లు పెట్టేది కుక్క ఒంటి మీద కాదు. కిందికి దిగిపోయి గోడ పగుళ్లలో, గడప సందుల్లో పెడతాయి. కుక్కకి మందేసి ఇల్లు వదిలేస్తే నెలకి మళ్లీ మొదటికే. మాత్రలు, మెడ మీద వేసే మందు, రక్తపరీక్షలు కలిపి మూడు వేల దాకా అయింది.

తర్వాత రెండు రోజులూ మా ఇంట్లో యుద్ధమే. పైవాటా ఆయన సిమెంటు కలిపి పగుళ్లు పూడ్చాడు. అక్కా నేనూ పరుపులు, దుప్పట్లు మరిగే నీళ్లలో వేసి మిట్టమధ్యాహ్నం ఎండలో పడేశాం. అంతదాకా తిట్టుకున్న ఎండ ఆ ఒక్క పనికి పనికొచ్చింది. మల్లి మొదట తిన్నది పలచటి రాగి గంజి, మజ్జిగ కలిపి. అవ్వ తెచ్చింది. రెండు గుటకలు తాగి ఆగి, మళ్లీ తాగింది. గిన్నె అడుగు కనిపించేసరికి అవ్వ చేతులెత్తి కొండకి దణ్ణం పెట్టింది.

చంద్రగిరి మీదుగా దామలచెరువు, మే చివర

మల్లి లేచి తిరుగుతోందని నిర్ధారించుకున్నాకే ఊరు దాటాం. చంద్రగిరి విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటి. రాజమహల్ లోపలికి కుక్కతో కుదరదని మావారు చింతచెట్టు కింద ఉండిపోయారు. నేను చూసొచ్చి, ఆయన్ని పంపాను.

అక్కడి నుంచి దామలచెరువు మామిడి మార్కెట్‌కి వెళ్దామని ఫోన్లో మ్యాప్ పెట్టుకుంటే, అది మమ్మల్ని సిమెంటు రోడ్డు మీంచి మట్టిబాటలోకి, బాట మీంచి ఒక మామిడితోటలోకి తీసుకెళ్లి, చేరిపోయారంది. ముందు కంచె, వెనక్కి తిప్పడానికి చోటు లేదు. తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన వచ్చి, "యాడికి పోవాల సామీ?" అన్నాడు. చెప్పాం. "ఈడికే పోవాల. మార్కెట్లో కాయ చూస్తారు, ఈడ చెట్టు చూస్తారు. దిగండి."

కోత నడుస్తోంది. పొడుగాటి కర్ర చివర వల సంచి, దాని అంచున చిన్న కత్తి. కాయని సంచిలోకి దూర్చి తొడిమ దగ్గర లాగితే తెగి సంచిలో పడుతుంది, నేలకి తగలనివ్వరు. తొడిమ తెగ్గానే సొన చిమ్ముతుంది. అది కాయ మీద కారితే మచ్చ పడుతుంది, రేటు పడిపోతుంది. అందుకని ఆడవాళ్లు ఒక్కో కాయనీ బోర్లించి, సొన మట్టిలోకి కారనిచ్చి, తర్వాతే క్రేటులో పెడుతున్నారు. వాళ్ల చేతుల మీద సొన కాలిన నల్ల మచ్చలు. ముందు కోసేది బేనీషా, మేం బంగినపల్లి అనేది. వెనక దిబ్బ మీద తోతాపురి, అది జూన్‌లో గుజ్జు ఫ్యాక్టరీలకి పోతుంది. 2025 సీజన్ మాట ఎత్తగానే పెద్దాయన ముఖం మారిపోయింది. ఫ్యాక్టరీ కిలోకి 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం ఇంకో 4 కలుపుతుందని ప్రకటించిన ఏడాది అది. "ట్రాక్టర్లో కాయ పెట్టుకుని గేటు ముందర రాత్రుళ్లు కాచుకున్నాం. కాయ ఆగుతాదా? కుళ్లతాది" అన్నాడు. ఏడాదంతా కాపాడిన కాయ కళ్ల ముందే కుళ్లుతుంటే ఆ కుటుంబం ఎలా తట్టుకుందో నాకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం చెట్టు కిందే సంగటి. ముద్ద పొగలు కక్కుతోంది, పక్కన ఊరిబిండి (చెనిక్కాయల పచ్చడి), పప్పు. నేను నములుతుంటే పెద్దమ్మ ఆపింది. "నమల్లేదు మ్మా, మింగాల." వేళ్లు తడుపుకుని చిన్న ఉండ తుంచి, మధ్యలో బొటనవేలితో గుంట చేసి, పప్పులో ముంచి నోట్లో వేసుకుని చూపించింది. రెండో ఉండకి నాకూ వచ్చింది. మల్లికి ఉత్త సంగటి మజ్జిగలో కలిపి పెట్టారు. ఎవరో తిని పడేసిన టెంకని అది నోట కరుచుకుంటే, తోటలో పిల్లాడు దవడలు విప్పి లాగేశాడు. వాళ్ల కుక్క ఒకటి టెంక పేగుకి అడ్డం పడి పోయిందట.

బయల్దేరేటప్పుడు డబ్బులివ్వబోతే పెద్దాయన లెక్క వేరు చేశాడు. "కాయకి ఇయ్యండి, కిలో ముప్పై అయిదు. అన్నానికి తీసుకునేది లేదు."

చిత్తూరు

2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయ్యాక చిత్తూరులో యాత్రికుల హడావుడి తక్కువ, తీరికగా ఉంది. మేం ముందే మాట్లాడుకున్న లాడ్జిలో మల్లిని చూడగానే కుదరదన్నారు. ఫోన్లో కుక్క సంగతి చెప్పే ఉంచాం, సరేనన్నది వాళ్లే. నడిరోడ్డు మీద నిలబడ్డాం. పూలమ్మే అవ్వ తమిళంలో "వా, వా" అని మల్లిని తన గొడుగు నీడలోకి పిలిచి, పూల మీద చల్లే నీళ్లు దాని పాదాల మీద పోసింది. తర్వాత తెలుగులో మా కథంతా విని, వాళ్ల తమ్ముడి మిద్దె మీద గది ఖాళీగా ఉందని పంపింది. రాత్రికి అయిదు వందలు. గదిలో ఫ్యాను, బయట వేపచెట్టు కొమ్మలు మిద్దె మీదకి వాలి ఉన్నాయి. ఆ లాడ్జి కంటే వెయ్యి రెట్లు నయం.

కాణిపాకం కూడా వంతులవారీగానే చూశాం. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేయరని ఈ చుట్టుపక్కల గట్టి నమ్మకం. అప్పు తగాదాలు కూడా ఇక్కడికొచ్చి ప్రమాణంతో తేల్చుకుంటారని గది ఓనర్ చెప్పాడు.

మళ్లీ తిరుపతి, జూన్ మొదట్లో

వదిన వాళ్లు వచ్చేశారు. గోడల నిండా సిమెంటు అతుకులు చూసి కంగారు పడి, సంగతి విన్నాక మల్లిని దగ్గరికి తీసుకున్నారు. సామాన్లు సర్దుతుంటే పైవాటా అక్క సీసాడు ఊరిబిండి తెచ్చింది. వారంలోపు తినేయాలని, తడి చెంచా పెట్టకూడదని పదిసార్లు చెప్పింది. ఎదురింటి అవ్వ మల్లికి రాగిపిండి కట్టిచ్చింది. టీ కొట్టు అన్న మావారి ఫోన్ నంబర్ రాసుకున్నాడు.

విశాఖ చేరాక మళ్లీ పరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు మామూలు స్థాయికి వచ్చాయి. ఆ రిపోర్టు టీ కొట్టు అన్నకి పంపితే గంటలో వీధంతా తెలిసిపోయింది. రాత్రి ఫోన్ చేసి, బాగైంది కదా అని మాత్రలు ఆపేయొద్దని గట్టిగా చెప్పాడు. ఆపలేదు, డాక్టరమ్మ రాసిన కోర్సులో ఇంకా వారం ఉంది.